చాపంత చోటు చాలు

హైదరాబాద్ అమీర్‌పేట హాస్టళ్ళలో ముగ్గురుండే గది ఎలా ఉంటుందో చాలామందికి తెలుసు. మూడు మంచాలు, ఒక బీరువా, తలుపు వెనక కొక్కేలకు బట్టలు, మంచాల మధ్య పక్కకు తిరిగితే మోచెయ్యి తగిలేంత సందు. ఆ గదిలో ఉండే కుర్రాణ్ణి గుండె బలం కోసం రోజూ కాసేపు వ్యాయామం చెయ్యమంటే వచ్చే మొదటి మాట “ఎక్కడ చెయ్యమంటారండీ?” అని. సింగిల్ బెడ్‌రూమ్ ఇంట్లో ఇద్దరు పిల్లలతో, అత్తమామలతో సర్దుకుంటున్న ఇల్లాలిదీ అదే ప్రశ్న. జిమ్ముకు నెలనెలా కట్టే స్తోమత లేదు. ట్రెడ్‌మిల్ కొన్నా పెట్టుకోవడానికి చోటు లేదు. రోడ్డు మీద నడుద్దామంటే ఫుట్‌పాత్ ఉండదు, ఉన్నా దాని మీద బైకులుంటాయి. ఇలా ఆగిపోయినవాళ్ళ కోసమే ఈ అధ్యాయం.

మన ప్రాంతపు మనుషులకు ఇది వాయిదా వేసుకోదగ్గ పని కాదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం వివరాలతో 2007లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం, దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వస్తోంది. మిగతా దేశాల వాళ్ళకన్నా ఇది ఐదారేళ్ళు ముందు. పిల్లల చదువులు, ఇంటి అప్పు ఇంకా తీరని వయసది.

చోటు గురించి మీ దిగులు తీరాలంటే ముందు ఒక సంగతి బోధపడాలి. మీరెంత దూరం వెళ్ళారో మీ గుండెకు తెలియదు. తొడలు, పిరుదులు, పిక్కల్లాంటి పెద్ద కండరాలు ప్రాణవాయువు కావాలని అడుగుతాయి, గుండె వేగం పెంచి రక్తాన్ని పంపుతుంది. ఆ అడగడం కొన్ని నిమిషాలపాటు ఆగకుండా సాగితే, వారాల తరబడి సాగితే, గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తాన్ని పంపడం నేర్చుకుంటుంది. రోడ్డు మీద నడిచేవాడు ఒంటిని ముందుకు మోసుకుపోతాడు. ముందుకు పోవడానికి చోటు లేనివాడు దాన్ని పైకెత్తి కిందికి దించవచ్చు. అరవై కిలోల ఒంటిని మాటిమాటికీ పైకెత్తడం మామూలు నడకకన్నా కష్టమైన పని, దానికి చాపంత చోటు చాలు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. వ్యాయామానికీ గుండెకూ ఉన్న సంబంధాన్ని తొలిసారి గట్టిగా చూపించిన అధ్యయనమే మెట్ల మీద తేలింది. లండన్‌లో జెరీ మోరిస్ అనే వైద్యుడు డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బంది ఆరోగ్య వివరాలు పరిశీలించి 1953లో ప్రచురించాడు. డ్రైవరూ కండక్టరూ పనిచేసేది ఒకే బస్సులో. డ్రైవరు షిఫ్టంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ కింది అంతస్తుకూ పై అంతస్తుకూ రోజంతా ఎక్కి దిగుతుంటాడు. గుండె రక్తనాళాల జబ్బు డ్రైవర్లకన్నా కండక్టర్లలో తక్కువగా కనిపించింది, వచ్చినా ప్రాణం తీసేంతగా రావడం తక్కువ. హైదరాబాద్‌లో ఒకప్పటి డబుల్ డెక్కర్ ఎక్కినవాళ్ళకు ఆ ఇరుకు మెట్లు గుర్తుండే ఉంటాయి. ఆ మెట్ల మీద గడిచిన ఉద్యోగమే ఆ కండక్టర్లకు వ్యాయామమైంది.

ఇంకొక మనిషి సంగతి చెప్పాలి. నెల్సన్ మండేలా 27 ఏళ్ళ జైలు జీవితంలో 18 ఏళ్ళు రాబెన్ దీవిలో గడిపాడు. ఆయన గది పొడవు మూడు అంగలు. పడుకుంటే కాళ్ళు ఒక గోడకు, తల రెండో గోడకు తగిలేవి. బయట ఉన్నప్పుడు ఆయన బాక్సింగ్ సాధన చేసేవాడు. లోపలికొచ్చాక ఆ అలవాటును గదికి సరిపోయేలా మలుచుకున్నాడు. సోమవారం నుంచి గురువారం దాకా పొద్దున్నే ఉన్నచోటే పరుగు, ముప్పావు గంట వరకూ. ఆ తర్వాత వేళ్ళ మీద వంద దండీలు, రెండు వందల సిటప్పులు, యాభై బస్కీలు. ఆ గదిలో మొదలుపెట్టినప్పుడు ఆయన వయసు 46కు అటూ ఇటూ. వారంలో మిగతా రోజులు విశ్రాంతి. ఈ చివరి మాట నాకు ముఖ్యంగా తోస్తుంది. అంత పట్టుదల ఉన్న మనిషి కూడా రోజూ చెయ్యలేదు, ఏ రోజులో ముందే అనుకుని చేశాడు.

ఎంత చెయ్యాలి? పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టి శ్రమ చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఒకసారి మొదలుపెడితే కనీసం పది నిమిషాలైనా సాగితేనే లెక్క అనే పాత నియమాన్ని అప్పుడే తీసేసింది. అంటే కుక్కరు మూడో విజిల్ వేసేలోపు చేసినదీ లెక్కలోకి వస్తుంది. ఇరుకిళ్ళ వాళ్ళకు ఇంతకన్నా మంచి కబురు లేదు. గది ఒక్కసారిగా అరగంట ఖాళీగా దొరకదు, ఐదేసి నిమిషాలు మాత్రం దొరుకుతుంది.

“ఒక మోస్తరు” అంటే ఎంతో తెలుసుకోవడానికి మెషీన్ అక్కర్లేదు. చేస్తూ చేస్తూ, డెలివరీ కుర్రాడికి ఫోన్లో ఇంటి దారి చెబుతున్నట్టు పైకే చెప్పండి: గుడి దాటాక ఎడమకు తిరగాలి, మెడికల్ షాపు పక్క సందు, రెండో అంతస్తు. ఆగకుండా చెప్పగలిగి, అదే సమయంలో పాట ఎత్తుకోబోతే శ్వాస అందకపోతే మీరు సరిగ్గా అక్కడే ఉన్నారు. హాయిగా పాడగలుగుతుంటే వేగం పెంచాలి. రెండు మూడు మాటలకే ఆగాల్సి వస్తుంటే అది గట్టి శ్రమ, కొత్తవాళ్ళు ఒక మెట్టు తగ్గాలి.

ఇప్పుడు చాప పరుద్దాం. నిజానికి చాప మీద చెయ్యొద్దు, పాలిష్ బండల మీద చాప జారుతుంది. దాని కొలత చూసుకుని మడిచి పక్కన పెట్టండి. అటు మంచం కోడు, ఇటు టీపాయ్ మూల తగలకుండా చూసుకుంటే చాలు. మార్బుల్ మీద సాక్సుతో చెయ్యకండి. అరికాలికి పట్టుండే బూట్లైనా ఉండాలి, వట్టి కాళ్ళైనా ఉండాలి. సుగరు వల్ల అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళు మాత్రం బూట్లు వేసుకునే చెయ్యాలి, ఏదైనా గుచ్చుకున్నా వాళ్ళకు తెలియదు.

మొదటిది ఉన్నచోటే నడక. చూడ్డానికి పిల్లల డ్రిల్లులా ఉంటుంది కాబట్టి చాలామంది దీన్ని లెక్కచెయ్యరు, పైగా తప్పుగా చేస్తారు. మడమలు మాత్రం లేపి దించుతుంటారు. అలా అరగంట చేసినా ఊపిరి పెరగదు. మోకాలు లేవాలి. రెండు అరచేతులూ బోర్లించి నడుముకు కాస్త దిగువన ముందుకు చాచి పట్టుకోండి. ఒక్కో మోకాలూ లేచి అరచేతికి తగలాలి. ఆ ఎత్తు అలవాటయ్యాక చేతులు వదిలి, మోచేతులు మడిచి, కుడికాలితో ఎడమచెయ్యి, ఎడమకాలితో కుడిచెయ్యి ఊపండి. కాలు దిగేటప్పుడు ముందు పాదం ముందుభాగం, వెంటనే మడమ, చప్పుడు లేకుండా. నడుము వెనక్కి వాలకూడదు, వాలితే పని తొడ నుంచి నడుముకు మారి మర్నాడు నడుము పట్టేస్తుంది. నిమిషానికి వంద అడుగులతో మొదలుపెట్టి నూట ఇరవైకి చేరండి. మూడో నిమిషానికి నుదుట తడి కనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కిటికీ ఊచ పట్టుకుని తక్కువ ఎత్తుతో చెయ్యొచ్చు. నిలబడలేనివాళ్ళు చేతుల్లేని కుర్చీలో నిటారుగా కూర్చుని మోకాళ్ళు ఎత్తుతూ చేతులు ఊపినా గుండెకు అందాల్సింది కొంత అందుతుంది.

రెండోది మెట్టు. ఈ అధ్యాయంలో ఒక్కటే నేర్చుకుంటానంటే ఇదే నేర్చుకోమంటాను. అపార్ట్‌మెంట్ మెట్లలో అన్నిటికన్నా కిందిది చాలు. సొంతింట్లో గడప అవతలి అరుగు మెట్టైనా సరే, కదలని బరువైన చెక్కపీటైనా సరే. ప్లాస్టిక్ స్టూలు మాత్రం వద్దు, అంచు మీద బరువు పడితే తిరగబడుతుంది. కుడికాలు పూర్తిగా, మడమతో సహా మెట్టు మీద ఆనించండి. సగం పాదం ఆనిస్తే బరువంతా పిక్క మీద పడుతుంది. మడమతో నేలను తొక్కుతున్నట్టు నొక్కి లేవండి. కింది కాలితో ఎగరవద్దు, పై కాలే మోయాలి. ఎడమకాలు వచ్చి పక్కన చేరుతుంది. తర్వాత కుడికాలు కిందికి, ఎడమకాలు కిందికి. పైకి, పైకి, కిందికి, కిందికి: నాలుగు దెబ్బల తాళం. నిమిషానికోసారి ముందు కాలు మార్చండి. మోకాలు లోపలికి పడిపోకుండా పాదం రెండో వేలి దిక్కుకే ఉండేలా చూసుకోండి. దిగేటప్పుడు తొందరపడకండి, మర్నాటి తొడల నొప్పి ఎక్కువగా దిగడం వల్లే వస్తుంది.

లెక్క వేసి చూద్దాం. మెట్టు ఎత్తు 18 సెంటీమీటర్లు, నిమిషానికి 20 సార్లు, పది నిమిషాలు. అంటే 200 సార్లు, 36 మీటర్లు. అంతస్తుకు మూడు మీటర్లనుకుంటే పన్నెండు అంతస్తుల మేడ ఎక్కినట్టు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లంటారు. రోజుకు పది నిమిషాల చొప్పున పద్దెనిమిదో రోజుకు ఆ సంఖ్య దాటుతారు, మీ అపార్ట్‌మెంట్ కింది మెట్టు దగ్గరే నిలబడి.

బస్కీల గురించి మనవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. తాలింఖానాల్లో, పల్లెటూరి గోదాల్లో పహిల్వాన్లు తాతల కాలం నుంచి చేస్తున్నవే. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు లాంటి మల్లయోధులు పెరిగింది ఇలాంటి సాధనలోనే. గుండె కోసం చేసేటప్పుడు వందల లెక్క అక్కర్లేదు. వెనక ఒక కుర్చీ పెట్టుకుని, కూర్చోబోయి, పిరుదులు అంచుకు తగలగానే లేవండి. పదిహేను చేసి ఆగకుండా ఉన్నచోటే నడక, మళ్ళీ పదిహేను. ఆ ఆగకపోవడంలోనే ఉంది గుండెకు పని. మధ్యలో ఫోను చూసుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది.

కుర్రాళ్ళకు ఇవన్నీ విసుగనిపిస్తే తీన్‌మార్ దరువు పెట్టుకోమనండి. బోనాల్లో, గణేశ్ నిమజ్జనంలో గంటల తరబడి ఆడే ఆ అడుగు ఎక్కడికీ పోదు, ఉన్నచోటే దంచుతుంది. పాట నాలుగైదు నిమిషాలుంటుంది కాబట్టి గడియారంగానూ పనికొస్తుంది. మొదటి పాటకు నెమ్మదిగా ఉన్నచోటే నడక, రెండో పాటకు మెట్టు, మూడో పాటకు తీన్‌మార్ లేదా గాలిలో బాక్సింగ్, నాలుగో పాటకు బస్కీలూ నడకా. అక్కడికి దాదాపు ఇరవై నిమిషాలు. బాక్సింగ్‌లో మోచెయ్యి పూర్తిగా విదిలించకుండా, నడుము తిప్పుతూ గుద్దండి. చేతులు మాత్రమే ఆడిస్తే భుజం నొప్పి తప్ప ఇంకేమీ రాదు.

సూర్య నమస్కారాలూ ఈ కోవలోకి వస్తాయి. పన్నెండు భంగిమలు నిదానంగా చేస్తే ఒళ్ళు సాగుతుంది, శ్వాసకు తగ్గ వేగంతో ఆగకుండా సాగిస్తే గుండె పరుగెడుతుంది. తల కిందికి వంచినప్పుడు కళ్ళు తిరిగే బీపీవాళ్ళు వాటి జోలికి పోకుండా మెట్టు దగ్గరే ఉండటం మేలు.

తాడాట మంచిదే కానీ ఇంట్లో చెయ్యాలంటే ముందు పైకి చూడండి. సీలింగ్ ఫ్యాను కింద తాడు తిప్పడం, చేతులెత్తి గెంతడం ప్రమాదం. ఎండాకాలం ఫ్యాను ఆపితే ఉడికిపోతాం. అందుకని తాడు లేకుండానే, చేతిలో తాడున్నట్టు మణికట్లు తిప్పుతూ అంగుళం ఎత్తుకు మించకుండా ఎగరడం మేలు. డాబా ఉన్నవాళ్ళు తాడుతోనే చేసుకోవచ్చు. తాడు మధ్య తొక్కి నిలబడితే పిడులు చంకల దాకా రావాలి, అదీ సరైన పొడవు.

కింది ఇంటివాళ్ళ సంగతి కూడా మన బాధ్యతే. తెల్లవారుజామున ఐదింటికి మన గెంతులు వాళ్ళ పడగ్గది కప్పు మీద పడతాయి. ఒక నియమం పెట్టుకుంటే గొడవే ఉండదు: ఎప్పుడూ ఒక కాలు నేల మీదే ఉండాలి. పైన చెప్పిన నడక, మెట్టు, బస్కీ మూడూ ఆ నియమానికి లోబడినవే. మోకాళ్ళకూ అదే క్షేమం.

యూట్యూబ్‌లో “నాలుగు నిమిషాల వ్యాయామం” అంటూ కనిపించే వాటి గురించి ఒక హెచ్చరిక. 20 సెకన్లు గట్టిగా, 10 సెకన్లు విశ్రాంతి అనే పద్ధతి మీద జపాన్‌లో ఇజుమి తబాటా బృందం 1996లో అధ్యయనం ప్రచురించింది. అందులో పాల్గొన్నది అప్పటికే ఆటల్లో ఉన్న కుర్రాళ్ళు. కదలని సైకిల్ మీద ఒంట్లో శక్తంతా అయిపోయేదాకా తొక్కారు. పైగా వారానికి ఒకరోజు అరగంట మామూలు వేగంతోనూ తొక్కారు. నలభై దాటి, పదేళ్ళుగా కుర్చీకి అతుక్కున్న మనిషి మొదటి రోజే దాన్ని అనుకరించకూడదు. కిందికి వంగి చేతులు నేలకానించి, కాళ్ళు వెనక్కి చాచి, మళ్ళీ లాక్కుని లేచే బర్పీలూ అంతే. న్యూయార్క్‌కు చెందిన రాయల్ బర్పీ 1930ల చివర ఆ కదలికను నాలుగంటే నాలుగుసార్లు చేయించి, నాడి ఎంత పెరిగిందో చూసి ఒంటి సత్తా కొలవడానికి రూపొందించాడు. ఇప్పుడు వందేసి చేయిస్తున్నారు. మూడు నెలలు మెట్టు ఎక్కి దిగాక వాటి సంగతి ఆలోచించవచ్చు.

ఇల్లాళ్ళతో విడిగా ఒక మాట. “ఇంటి పనంతా నేనే చేస్తాను, ఇంకా వ్యాయామమా?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఇంటి పనీ శ్రమే, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్నీ శారీరక శ్రమ కిందే లెక్కిస్తుంది. కానీ ఆ పని ముక్కలుముక్కలుగా జరుగుతుంది. ఒళ్ళు అలిసిపోతుంది, ఊపిరి మాత్రం పెరిగి పెరిగినట్టే నిలవదు. అందుకే అలసట ఎంత ఉన్నా గుండెకు సాధన తక్కువ. పది నిమిషాలు తలుపు వేసుకుని చేసుకునే హక్కు మీకుంది, ఇంట్లోవాళ్ళు దాన్ని గౌరవించాలి. కాలికి అడ్డుపడే నైటీతో, చీర కుచ్చిళ్ళతో మెట్టు ఎక్కొద్దు. పంజాబీ డ్రస్సైతే చున్నీ తీసి పక్కన పెట్టండి.

వేళ విషయంలో పట్టింపు అక్కర్లేదు, ఏ వేళ గది దొరికితే అదే మంచి వేళ. కడుపునిండా తిన్న వెంటనే గట్టి వ్యాయామం మాత్రం వద్దు. అప్పుడు చెయ్యాల్సింది వేరే ఉంది: అన్నం తిన్నాక పది నిమిషాలు ఉన్నచోటే తేలికగా నడవడం. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పైకి ఎగబాకకుండా అది ఆపుతుంది. సుగరు ఉన్నవాళ్ళు రాత్రి భోజనం తర్వాత టీవీ ముందు కూర్చునే బదులు టీవీ ముందే నిలబడి నడవవచ్చు. ఇన్సులిన్ లేదా చక్కెర బాగా తగ్గించే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పి మొదలుపెట్టండి, దగ్గర కాస్త చక్కెర ఉంచుకోండి.

గుండె జబ్బున్నవాళ్ళు, స్టెంట్ వేయించుకున్నవాళ్ళు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళు, గర్భిణులు తమ డాక్టరుతో మాట్లాడకుండా మొదలుపెట్టకూడదు. చేస్తుండగా ఛాతీలో బరువుగా, పిండినట్టుగా అనిపించినా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, చల్లటి చెమటలు పట్టినా గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. ఆపి, 108కి ఫోన్ చెయ్యండి. జ్వరం ఉన్నప్పుడు, డెంగీలాంటివి వచ్చి తగ్గిన కొత్తలో వ్యాయామం మానేయండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నాలు మూసిన గదిలో చెయ్యడం విజయవాడలోనైనా రామగుండంలోనైనా వడదెబ్బను పిలవడమే. కిటికీ తెరిచి, పొద్దున్నే చేసుకోండి.

అయిపోగానే ఠక్కున ఆగి మంచం మీద వాలకండి. వేగంగా పనిచేస్తున్నప్పుడు పిక్కల కండరాలు రక్తాన్ని గుండె వైపు పైకి నెడుతుంటాయి. అవి ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్ళలో నిలిచి తల తిరుగుతుంది. మూడు నిమిషాలు నెమ్మదిగా నడుస్తూ ఊపిరి దిగనివ్వండి.

ఫలితం కొలుచుకోవడానికీ అదే మెట్టు. నెలకోసారి, ఒకే వేళకు, కాఫీ తాగకముందు, మూడు నిమిషాలు ఒకే వేగంతో ఎక్కి దిగండి. ఫోన్లో మెట్రోనోమ్ యాప్ నిమిషానికి 80 దెబ్బలకు పెట్టుకుంటే వేగం తప్పదు. ఆగగానే కూర్చుని, మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్ళు ఆనించి నిమిషంపాటు నాడి లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాయండి. పక్కింటివాళ్ళ అంకెతో పోల్చుకోవద్దు. వయసూ మందులూ నాడిని మారుస్తాయి, బీపీకి వాడే కొన్ని మాత్రలు దాన్ని పెరగనివ్వవు. వచ్చే నెల మీ అంకె ఇంతకన్నా తగ్గితే, అదే పనిని మీ గుండె తక్కువ దెబ్బలతో ముగించిందన్నమాట. తగ్గుతూ వచ్చి రెండు నెలలు ఒకేచోట నిలబడిపోయిందా, నిమిషానికి 20 సార్లు ఎక్కేది 24కు పెంచండి.